అత్తయ్యగారి రాగి బాయిలరు

పూలపల్లి,
6 నవంబరు 2024.

పూజ్యులైన వదినగారికి శ్యామల నమస్కారాలు.

ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. క్షీరారామలింగేశ్వరుడి దయవల్ల మీరూ అన్నయ్యగారూ బాగున్నారనీ, పురిటికని మీ దగ్గరికి వచ్చిన కౌముదికి కాళ్ళ వాపు తగ్గిందనీ అనుకుంటున్నాను. నిన్న నాగులచవితికి పుట్టలో పాలు పోసి, కౌముది పేరు చెప్పుకుని చిమ్మిలి ఉండ ఒకటి ఎక్కువ పెట్టాను.

వేసవిలో మనం నలుగురం కాశీ వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి మా ఇంట్లో రోజూ ఏదో ఒక వినోదమే. మీ తమ్ముడు గంగలో కాకరకాయ వదిలేశారు. పుట్టి బుద్ధెరిగాక ఆయన కాకరకాయ నోట పెట్టింది లేదు. మీరు మాత్రం ప్రాణంతో సమానమైన ఫోను వదిలేశారు. నేను "నాకిది కావాలి" అని అడగడం వదిలేశాను. దేవుణ్ణీ అడగను, మనుషుల్నీ అడగను. అనుకున్నంత తేలిక కాదండీ. ఉప్పు తెమ్మనకూడదు కదా, "ఉప్పు డబ్బా ఖాళీగా ఉందండీ" అంటాను. మీ తమ్ముడు పేపరు తిప్పుతూ "ఓహో, అలాగా" అంటారు. చప్పటి పప్పు తిన్నాకే కొట్టుకి వెళ్తారు.

అసలు సంగతికి వస్తాను. అత్తయ్యగారి రాగి బాయిలరు అడుగున కారుతోందండీ. మొన్న పొద్దున్నే కొబ్బరి డొక్కలు వేసి రాజేశాను. మంట పట్టినట్టే పట్టి చుయ్‌మని ఆరిపోయింది. వంగి చూస్తే నిప్పుల మీద నీటి బొట్లు. కంచరాయన వచ్చి వేలితో తట్టి చూసి, "మాటు వేస్తానండి, కానీ ఎన్నాళ్ళాగుద్దో చెప్పలేనండి. పాత రాగి కదండి, ఓ చోట మూస్తే ఇంకో చోట నవ్వుద్దండి" అన్నాడు. మీ తమ్ముడు గీజరు పెట్టేద్దాం అంటున్నారు. మీ అమ్మగారి వస్తువు, మీకు తెలియకుండా ఎలాగ అన్నాను.

కౌముది పుట్టినప్పుడు అత్తయ్యగారు కాళ్ళు చాపుకుని, దాన్ని కాళ్ళమీద బోర్లా పడుకోబెట్టుకుని నీళ్ళు పోసింది ఈ బాయిలరు నీళ్ళే. అప్పటికి నేను కాపురానికి వచ్చి ఏడాది కాలేదు. చెంబులు అందించింది నేనే. ఆ తర్వాత ఈ పెరట్లో ఇంకో పసిబిడ్డకి నీళ్ళు పోసింది లేదు. మాకు ఆ యోగం లేదు, దానికి బాధపడే వయసూ దాటింది. ఇంకో వారంలో కౌముదికి ఎనిమిదో నెల వస్తుంది. తొలి పురుడు పోయడం తల్లి హక్కు, మీ చేతులమీదుగానే జరగాలి. నేనేమీ అడగడం లేదండీ. పెరట్లో నందివర్ధనం పూసిందని చెప్పినట్టే చెబుతున్నాను.

అన్నయ్యగారికి నమస్కారాలు.

మీ
శ్యామల


ధవళేశ్వరం,
12 నవంబరు.

శ్యామలకి మీ వదిన ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. ఫోను వదిలేసి ఆరు నెలలైంది. మొదట్లో చెయ్యి దురద పెట్టేది, ఇప్పుడు నోరు పెడుతోంది. మీ అన్నయ్యగారు నా ఎదురుగా కూర్చుని గంటలు గంటలు ఫోన్లో మాట్లాడి, "ఎవరండీ?" అంటే "ఎవరో" అంటారు. పుణ్యం నాకు, సుఖం ఆయనకి.

ఈ ఫ్లాటు సంగతి ఏం చెప్పమంటావు. మూడో అంతస్తు. లిఫ్టు శనివారం నుంచి రెండో అంతస్తులో తపస్సు చేస్తోంది. కౌముది డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే మెట్లు దిగడానికే ముహూర్తం చూసుకోవాలి. ఇక గోదావరి నీళ్ళు ఏ కాలవకి ఎంత వదలాలో ఆనకట్ట ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు లెక్కలు కట్టిన మీ అన్నయ్యగారు, మా స్నానాలగదిలో కుళాయికి నీళ్ళెందుకు రావో చెప్పలేకపోతున్నారు. గీజరు ఒకటుంది. ఒక బకెట్టు ఇచ్చి ఆయాసపడిపోతుంది, పాపం, నా వయసుదే అనుకుంటాను.

బాయిలరు విషయం నీ ఇష్టం. ఆ ఇంటికి ఇప్పుడు నువ్వే పెద్దదానివి.

ఊరికే గుర్తొచ్చి రాస్తున్నాను. నాకు కౌముది పుట్టాక అమ్మ ఒళ్ళంతా నూనె పట్టించి, కాగు నిండా బాయిలరు నీళ్ళు తోడి, నడుం మీద చెంబుతో కొట్టినట్టు పోసేది. బాలింతకి నీళ్ళంటే అలా పోయాలి. ఆ నీళ్ళవల్లే ఇన్నేళ్ళూ నాకు నడుం నొప్పి అన్నది తెలియలేదు. ఇక్కడ కౌముదికి ఎలా పోస్తానో ఏంటో. బాలింత నీళ్ళంటే బాయిలరు నీళ్ళే.

పుట్టింటి మీద ఏదో కోరిక పెట్టుకుని రాస్తున్నానని అనుకోకు. వచ్చేది ధనుర్మాసం. నువ్వు చీకటితో లేచి ముగ్గేసి, పాశురం చదివి, పొంగలి నైవేద్యం పెట్టే మనిషివి. అలాంటి ఇంట్లోకి పురిటి మైల తెచ్చి పెట్టేటంత తెలివితక్కువదాన్ని కాదు.

తమ్ముడికి ఆశీస్సులు. కాకరకాయ వదిలేసినందుకు వాడికి ప్రత్యేకంగా.

మీ వదిన
సీతారామలక్ష్మి


పూలపల్లి,
19 నవంబరు.

పూజ్యులైన వదినగారికి,

మీ ఉత్తరం దేవుడి దగ్గర పెట్టి, దీపం వెలిగించి, అప్పుడు విప్పాను. "నీ ఇష్టం" అన్న మాట దగ్గరికి వచ్చేసరికి గుండె ఆగినంత పనైంది. అత్తయ్యగారు నాతో బతుకులో ఒక్కసారే "నీ ఇష్టం" అన్నారు. వంకాయ కూరలో అల్లం వేయనా అని అడిగినప్పుడు. వేశాను. ఆ అల్లం మాట మూడేళ్ళు వచ్చింది.

అందుకని మీ ఉత్తరం మీ తమ్ముడికి వినిపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, "ఇందులో తెలియకపోవడానికేముంది? బాలింత నీళ్ళు, బాయిలరు నీళ్ళు అని రెండుసార్లు రాసింది. మా అక్కకి ఆ బాయిలరు కావాలి. ఆడపడుచు కదా, నోరు విడిచి అడగదు" అన్నారు. నాకూ అదే నిజమనిపించింది. కంచరాయన చేత మాటు వేయించాను. ఇప్పుడు బొట్టు కారడం లేదు.

గీజరు కూడా వచ్చిందండీ. నేను బాయిలరు కారుతోందని సమాచారం చెప్పాను. ఆయన గీజరు తెచ్చారు. ఉప్పుకి పూటంతా పట్టే మనిషి గీజరుకి మాత్రం గంటలో వెళ్ళొచ్చారు.

నిన్న కార్తీక సోమవారం కదా, ఆ గీజరు నీళ్ళతోనే మొదటి స్నానం అని ఆయన ముహూర్తం పెట్టుకున్నారు. తలకి కుంకుడుకాయ రసం పట్టించుకున్నారో లేదో, కరెంటు పోయింది. పైనుంచి చన్నీళ్ళు. కళ్ళు తెరవలేరు, మూసుకోలేరు. "హర హర మహాదేవ" అని ఆ కేక వినాలి మీరు! పక్కింటి వీరవేణి గోడ మీదుగా చెంపలేసుకుని, "పంతులుగారి భక్తి చూస్తే ఒళ్ళు పులకరిస్తోందండి" అంది. నేను నవ్వు ఆపుకుని బావి నీళ్ళు తోడి పోశాను.

బాయిలరు మీకు చేర్చే దారి చూస్తున్నాను. కౌముదిని మెట్లు జాగ్రత్తగా దిగమనండి. ఇక్కడ మన ఇంటికి మెట్లు రెండే.

మీ
శ్యామల


ధవళేశ్వరం,
20 నవంబరు.

శ్యామలకి,

నా ఉత్తరానికి జవాబు రాలేదు, కబురు మాత్రం వచ్చింది. నిన్న మీ అన్నయ్యగారూ తమ్ముడూ అరగంట ఫోన్లో మాట్లాడుకున్నారు. అందులోంచి నాకు దక్కిన సమాచారం రెండు ముక్కలు. ఒకటి, మీ ఊరి కాలవలో గుర్రపుడెక్క పెరిగింది. రెండు, తమ్ముడు భాస్కరం గీజరు కొన్నాడు.

సంతోషం. నీ ఇష్టం అని నేనే రాశాను. ఎవర్నీ అనడానికి లేదు.

బాలింతకి బాయిలరు నీళ్ళు పోయాలని నేను రాస్తే, మీ ఇంట్లోకి గీజరు వచ్చింది. నాకు అర్థం కాకపోవడానికి నేను చిన్నపిల్లనా? నువ్వు మెత్తని మనిషివి. రావద్దని నోటితో అనలేవు. బాయిలరు తీసేస్తే, ఇక పురుడు పోయడానికి వీల్లేదని వదినకి తనకే తెలుస్తుందని అనుకుని ఉంటావు. తెలిసింది. తప్పు పట్టడం లేదు. నీ పూజలు నీకున్నాయి.

కౌముది పురుడు ఇక్కడే పోస్తాను. ఒక్కొక్క బకెట్టే పోస్తాను. మా అల్లుడు శరత్‌చంద్ర రోజూ ఫోను చేసి, "మీ ఇంట్లో నీళ్ళకి ఇబ్బంది లేదు కదా" అని దాన్ని అడుగుతాడట. వాడి చేత కూడా అనిపించుకున్నాను.

కార్తీక దీపాలు నదిలో వదలడానికి రేవుకి వెళ్ళాను. నీ పేరు మీద కూడా ఒకటి వదిలాను. కోపం వచ్చినా అది మానలేదు.

సీతారామలక్ష్మి


పూలపల్లి,
26 నవంబరు.

పూజ్యులైన వదినగారికి,

మీ ఇరవయ్యో తేదీ ఉత్తరం వచ్చింది. నా ఉత్తరం, అదీ దారిలో ఎక్కడో ఒకదాన్నొకటి దాటుకుని వెళ్ళి ఉంటాయి. గీజరు సంగతి మీకు ముందే తెలిసి, బాయిలరు పారేశామని బాధపడ్డారు. పారేయలేదండీ. పురుడు అక్కడే పోస్తానని రాశారు. మంచిది. తల్లి దగ్గర బిడ్డ ఉండటం కన్నా ఏం కావాలి. ఆ వాక్యం రెండుసార్లు చదువుకుని, పెరట్లోకి వెళ్ళి కాసేపు కూర్చుని వచ్చాను.

పురుడు అక్కడైనప్పుడు నీళ్ళు కూడా అక్కడే కాగాలి. అందుకని బాయిలరు రేపే పంపిస్తున్నాను.

చింతపండూ ఉప్పూ పెట్టి తోమాను. నలభై ఏళ్ళ మసి పోయి, నా మొహం కనిపించింది. పసుపు రాసి, బొట్టు పెట్టి, కొత్త జాకెట్టు గుడ్డ చుట్టాను. ఆడపిల్లని అత్తారింటికి పంపుతున్నట్టుంది. మీ తమ్ముడు "చలిమిడి కూడా పెట్టకపోయావా" అని హాస్యమాడారు. అంటూనే గుడ్డ ముడి రెండోసారి బిగించారు.

ఒక సంగతి చెప్పకూడదనుకున్నాను, కానీ అబద్ధం రాయలేను. లారీవాళ్ళు ఒక్క వస్తువుకి రామన్నారు. మన వీధి చివరి తలుపులమ్మ కొడుకు భీమరాజు నరసాపురం నుంచి రాజమండ్రికి రోజూ బండి వేస్తాడు. చేపల బండి. అతనే వచ్చి, "అమ్మగారూ, మీరేం అనుకోకపోతే నేను దించేస్తానండి. బండి రెండుసార్లు కడిగానండి, మా అమ్మ అగరుబత్తీ కూడా ఎలిగించిందండి" అన్నాడు. అరిటాకులు పరిచి, దాని మీద పెట్టించాను. ఒక బస్తా ఎండు డొక్కలు కూడా పంపుతున్నాను. అక్కడ దొరకవు కదా. మీరు ఒక చెంబు గోదావరి నీళ్ళు చల్లి లోపలికి తీసుకోండి. అగ్నిహోత్రుడికి అంటు లేదంటారు పెద్దలు.

మీ
శ్యామల


ధవళేశ్వరం,
2 డిసెంబరు.

శ్యామలా,

వచ్చిందమ్మా, నీ బాయిలరు. ఊరేగింపుగా వచ్చింది.

ముందు వాసన వచ్చింది, తర్వాత బండి వచ్చింది. అగరుబత్తీ, చేపా కలిసిన ఆ వాసనకి మా వీధి పిల్లులన్నీ వెనకాల నడిచాయి. పసుపు రాసి, బొట్టు పెట్టి, గుడ్డ చుట్టిన దాన్ని చూసి వాచ్‌మన్ చెప్పులు విప్పి దణ్ణం పెట్టాడు. ఏ గుడిలో ప్రతిష్ఠ అని అడిగాడు. లిఫ్టులో పట్టలేదు. భీమరాజు భుజాన వేసుకుని మూడు అంతస్తులూ ఎక్కించాడు. ప్రతి మలుపు దగ్గరా ఒక తలుపు తెరుచుకుంది, ఒక తల బయటికి వచ్చింది.

సరే, వచ్చిన దాన్ని ఊరికే ఉంచడం ఎందుకని బాల్కనీలో పెట్టి డొక్కలు వేసి రాజేశాను. నీ డొక్కలు బాగా ఎండినవే, కాదనను. కానీ ఆ పొగ మన పెరట్లో అయితే కొబ్బరిచెట్ల మీదుగా పోతుంది. ఇక్కడ ఎక్కడికి పోతుంది? నాలుగో అంతస్తులో శ్యామలాంబగారని ఒకావిడ గుమ్మడి వడియాలు ఎండబెట్టుకుంది. నీ పేరే, నీ నెమ్మది మాత్రం లేదు. "మా వడియాలు మాడ్చేశార్రా బాబోయ్" అని పైనుంచి ఒకటే కేకలు. సెక్రటరీగారు ఇసక బాల్దీ పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. నేను వద్దు వద్దంటున్నా వినకుండా అమ్మ బాయిలరు నోట్లో ఇసక కుమ్మరించారు! మీ అన్నయ్యగారు ఆ గొడవ జరిగినంతసేపూ స్నానాలగదిలో గడియ వేసుకుని ఉన్నారు. అక్కడ నీళ్ళు లేవని ఆయనకి తెలుసు.

నవ్వుతున్నావు కదూ. నేను నవ్వడం లేదు.

నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని కౌముది చేత చదివించాను. అది చదివి నవ్వి నవ్వి పొట్ట పట్టుకుంటే, నాకు కంగారు పుట్టింది. "అమ్మా, నువ్వడగవు. అత్తయ్య అడగనని మొక్కుకుంది. మధ్యన బాయిలరు తిరుగుతోంది" అంది. నాకు ఒళ్ళు మండింది. దీన్ని కన్నది నేను, నాకు బుద్ధి చెప్పేది ఇది.

కానీ నా అనుమానం నాకింకా పోలేదు. పుట్టింటి బాయిలరుని పుట్టింట్లోంచి పంపేశావంటే, నన్ను రావద్దనేగా? అందుకని సూటిగా అడుగుతున్నాను. నేను కాశీలో వదిలింది ఫోను, సిగ్గు కాదు గానీ, ఈ ఒక్కసారికి అదీ వదిలేస్తాను. కౌముది పురుడు మన ఇంట్లో పోయడం నీకు సమ్మతమా కాదా? నీ ధనుర్మాసం మధ్యలో మైల పడుతుంది. రాత్రీ పగలూ చాకిరీ పడుతుంది. అన్నీ ఆలోచించుకుని రాయి.

"మీ ఇష్టం" అని రాశావంటే మాత్రం ఆ ఇసక బాల్దీతో వస్తాను.

వదిన


పూలపల్లి,
6 డిసెంబరు.

పూజ్యులైన వదినగారికి,

మీ ఉత్తరం మధ్యాహ్నం వచ్చింది. చదివి, గుమ్మంలోనే కూర్చుండిపోయాను. మీ తమ్ముడు ఏంటో అని కంగారుపడి, ఉత్తరం లాక్కుని చదివి, తుండుతో మొహం తుడుచుకుని, బజారుకి వెళ్ళారు. వస్తూ ఉప్పు తెచ్చారు. డబ్బా నిండుగానే ఉంది. నేను చెప్పలేదు.

మీరు సూటిగా అడిగారు. నాకు సూటిగా అడిగే దారి లేదు, గంగమ్మకి మాటిచ్చాను. అందుకని ఇక్కడి సమాచారం మాత్రం రాస్తున్నాను.

పడమటి గదికి సున్నం వేయించాం. అటక మీద నుంచి ఉయ్యాల దించి, గొలుసులకి నూనె రాశాను. అది ఊపితే చప్పుడు రాదు. వాము, బాలింతకి పెట్టే కాయం దినుసులు ఎండబెట్టి డబ్బాల్లో పోశాను. పాత మెత్తటి చీరలు ఉతికి మడత పెట్టాను. అవి చాలా ఉన్నాయి. పాలకొల్లులో మంచి డాక్టరమ్మ ఉంది, ఆవిడ ఆసుపత్రి మన ఊళ్ళో ఆటో ఎక్కితే పావుగంట.

ధనుర్మాసం విషయం అర్చకులవారికి చెప్పాను. "పాశురాలు నోటికి వచ్చు కదమ్మా, మనసులో చదువుకో. పొంగలి నేను గుడిలో పెడతాను" అన్నారు. అసలు పొంగలి ఎవరి కోసం వండుతాం, వదినగారూ? స్వామి మన ఇంటికి పసివాడిలా వస్తాడని కదా. నిజంగా పసివాళ్ళు వచ్చే ఇంట్లో తలుపు వేసుకుని నేను పూజ చేస్తే, ఆయనకే నచ్చదు.

చలిమిడి కలిపాను. ఇంటికి పురిటికి వచ్చే ఆడపిల్లకి పెట్టేంత కలిపాను. ఇద్దరం తింటే అయ్యేది కాదు.

బాయిలరు గట్టు ఖాళీగా ఉందండీ.

మీ
శ్యామల


ధవళేశ్వరం,
10 డిసెంబరు.

శ్యామలకి,

సమాచారం అందింది. ఓహో, అలాగా అని పేపరు తిప్పే రకం కాదు నేను. భాస్కరానికి అక్కనే గానీ, భాస్కరాన్ని కాను.

ఇటు సమాచారం కూడా రాస్తున్నాను. పదమూడు నుంచి కౌముదికి తొమ్మిదో నెల. ఆ శుక్రవారం మంచిది. మేము కారులో బయలుదేరి, పెనుగొండలో అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, భోజనం వేళకి వస్తాం. వంకాయ కూర వండు. అల్లం వెయ్యి. అమ్మ మూడేళ్ళు అనడం అన్నది గానీ, మూడేళ్ళూ రెండోసారి వడ్డించుకుంది. నేను చూశాను.

భీమరాజు బండి ఆ రోజు ఖాళీగా తిరిగి వెళ్తోందట. బాయిలరు అందులో వస్తుంది. ఇసక కడిగించాను. మాటు గట్టిగానే ఉంది.

గీజరు తీయించకు. తమ్ముడికీ మీ అన్నయ్యగారికీ దాన్ని వదిలేద్దాం. ఇద్దరూ తలకి కుంకుడు రసం పట్టించుకుని కరెంటు కోసం భజన చేసుకుంటారు.

ఒకటే ఇబ్బంది. బిడ్డకి మొదటి నీళ్ళు కాళ్ళమీద వేసుకుని పోయాలి కదా, ఆ మూడంతస్తుల మెట్లతో నా మోకాళ్ళు పనికిరాకుండా పోయాయి. కాళ్ళు చాపుకుని కూర్చోలేను. నేను చెంబులు అందిస్తాను.

మీ వదిన
సీతారామలక్ష్మి